కాన్వెంటు బడి: పాఠాల వెనుక పాఠం

తెలుగునాట "కాన్వెంటు" అనే మాటకు విచిత్రమైన చరిత్ర ఉంది. ఆ మాటకు అసలు అర్థం మఠకన్యలు నివసించే మఠం. మఠం పక్కన సిస్టర్లు నడిపే బడి కనుక అది కాన్వెంటు బడి అయింది. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ పాఠశాల 1855లోను, రోజరీ కాన్వెంటు 1904లోను మొదలైనప్పుడు ఆ మాట పరిధి అంతవరకే. ఇవాళ మేడ్చల్ బజారులో మఠమూ మఠకన్యలూ లేని, అద్దె మేడ మీద నడిచే నాలుగు గదుల ఇంగ్లీషు బడిని కూడా జనం కాన్వెంటు అనే అంటున్నారు. ఒక మత సంస్థ పేరు ఒక వర్గ ఆకాంక్షకు పేరుగా మారిపోయింది. ఈ మార్పు వెనుక ఉన్న సామాజిక కారణాలను అర్థం చేసుకోకుండా ప్రాథమిక విద్య గురించి మాట్లాడడం వృథా.

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఒక్కటే. కతోలిక గురువులో, సిస్టర్లో నడిపే ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లవాడు వివిధ పాఠ్యాంశాల ద్వారా నిజంగా ఏం నేర్చుకుంటున్నాడు? టైంటేబుల్లో రాసిన పాఠం ఏమిటి? దాని వెనుక రాయకుండా సాగే పాఠం ఏమిటి? రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఇది తమ పని కాదనిపించవచ్చు. కాని రేపటి తెలుగు పాఠకుడు తయారయ్యేది, తయారు కాకుండా పోయేది ఈ ఐదేళ్లలోనే.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. శామీర్‌పేట దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకునే నేను, మా అమ్మాయిని మూడో తరగతి దాకా అలాంటి ఒక బడికే పంపాను. సభల్లో మాతృభాషా బోధన గురించి ఉపన్యసించి, ఇంటికొచ్చి పిల్లకు ఇంగ్లీషు స్పెల్లింగులు అప్పజెప్పించుకున్నవాణ్ణి. కనుక ఈ విమర్శ ఒడ్డున నిలబడి చేస్తున్నది కాదు.

స్థలం, కాలం

మేడ్చల్, శామీర్‌పేట ఒకప్పుడు హైదరాబాదు ఉత్తరపు పొలిమేర పల్లెలు. ద్రాక్షతోటలు, చెరువుల కింద వరి, గుండ్రాళ్ల గుట్టలు, తాళ్లు, ఈదులు. 2016 అక్టోబరులో ఇదంతా రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. నాగపూర్ వైపు పోయే జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా సాగుతాయి. అడ్డంగా అవుటర్ రింగురోడ్డు వచ్చింది. తుర్కపల్లి పక్కన జీనోమ్ వ్యాలీ పేరుతో మందుల, టీకాల పరిశ్రమలు వచ్చాయి. ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి. భూమి అమ్ముకున్నవాడు, భూమి కొన్నవాడు, ఆ భూమిలో ఇల్లు కట్టడానికి ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చినవాడు, ముగ్గురూ ఇప్పుడు ఇక్కడే ఉన్నారు.

ఈ ముగ్గురి పిల్లల్లో చివరివాడి పిల్లలు ప్రభుత్వ బడికి వస్తారు, లేదా ఏ బడికీ రారు. మొదటి ఇద్దరి పిల్లలు, వాళ్లతోపాటు డ్రైవర్ల, వెల్డర్ల, కిరాణా కొట్ల వాళ్ల పిల్లలు ఫీజుల బడులకు పోతారు. ఫీజు కట్టే వాళ్లలో సిస్టర్ల బడికి ఒక ప్రత్యేకమైన పరపతి ఉంది. "అక్కడ క్రమశిక్షణ ఉంటది సార్, పైసలకు ఆశపడరు" అని తల్లులు చెబుతారు. ఈ మాటలో కొంత భ్రమ ఉంది, కొంత నిజమూ ఉంది. రెంటినీ విడదీసి చూడడమే విమర్శకుని పని.

మూడు భాషలు, ఒక మౌనం

రెండో తరగతి టైంటేబుల్లో ఎక్కువ పీరియడ్లు ఇంగ్లీషువి. తర్వాత తెలుగు, హిందీ. ఇక లెక్కలు, పరిసరాల విజ్ఞానం, జనరల్ నాలెడ్జి, కంప్యూటరు, డ్రాయింగు, ఆటలు. కతోలిక పిల్లలకు జ్ఞానోపదేశం, మిగిలినవారికి మోరల్ సైన్సు.

ఇంగ్లీషు పాఠంలో పిల్లవాడు నేర్చుకునే మొదటి విషయం ఇంగ్లీషు కాదు, మౌనం. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల తరగతిలో మాట వెతుక్కోవలసి వచ్చేసరికి నోరు మూసుకుంటుంది. ఆ మౌనాన్ని బడి క్రమశిక్షణ అనుకుంటుంది. మా అమ్మాయి ఒకసారి కడుపునొప్పి వస్తే గంటసేపు ఏడుస్తూ కూర్చుంది. ఎందుకు చెప్పలేదే అంటే, "ఇంగ్లీషుల ఎట్ల చెప్పాల్నో తెల్వలే నాన్నా" అంది. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఆ బడి మీద కాదు, నా మీద.

"మై ఫ్యామిలీ" అని ఐదు వాక్యాలు రాయమంటారు. బోర్డు మీద ఉన్న ఐదు వాక్యాలే నలభై నోటుపుస్తకాల్లోకీ దిగుతాయి. మా నాన్న ఆఫీసుకు పోతాడు, మా అమ్మ వంట చేస్తుంది. పారిశ్రామికవాడలో వెల్డింగు చేసే నాన్న, షిఫ్టులో మాత్రలు ప్యాకింగు చేసే అమ్మ ఆ ఐదు వాక్యాల్లో ఎక్కడా లేరు. పిల్లవాడు తన మొదటి రచనలోనే తన తండ్రిని మార్చి రాశాడు. అబద్ధం ఆడరాదని పక్క పీరియడులో మోరల్ సైన్సు చెబుతూనే ఉంటుంది.

తెలుగు సంగతి ఏమిటి? 2018లో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతి వరకు అన్ని పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మంచిదే. కాని చట్టం పీరియడునిచ్చింది గాని ప్రాణాన్నివ్వలేదు. కాపీరైటింగు, గుణింతాలు, గైడులో ఉన్న ప్రశ్న జవాబులు. ఇంట్లో తొవ్వ అనే పిల్లవాడు బడిలో దారి అని, ఇంట్లో అనిగెపుకాయ అనేవాడు బడిలో సొరకాయ అని రాయాలి. రాయకపోతే తప్పు. ఇంగ్లీషు ముందు తెలుగు చిన్నదైంది. ఆ చిన్నబోయిన తెలుగు ముందు ఇంటి తెలుగు ఇంకా చిన్నదైంది. ఈ రెండు మెట్ల అవమానాన్ని దిగివచ్చిన పిల్లలు, ఫీజు కట్టలేని ఇంటి పరిస్థితి వల్ల ఆరో తరగతిలో నా దగ్గరికి వస్తారు. వాళ్లకు మూడు లిపులు వచ్చు. ఒక్క భాషలోనూ తమ మాట తాము రాసుకోవడం రాదు.

లెక్క తేలే భాష

లెక్కలకు భాష లేదంటారు. ఇది సరి కాదు. పదమూడు అన్నప్పుడు తెలుగు పిల్లవాడికి పది ముందు, మూడు తర్వాత వినిపిస్తాయి. అంకెల్లో రాసినా 13లో పదే ముందు, మూడే తర్వాత. పదకొండు, పన్నెండు కొంచెం రూపు మారినా, ఇరవై దాటాక తెలుగు సంఖ్యలు నేరుగా స్థానవిలువను చెబుతూనే పోతాయి. ఇంగ్లీషులో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, పది తర్వాత. ట్వెంటీ త్రీ దగ్గరికి రాగానే క్రమం తిరగబడుతుంది. పైగా థర్టీన్, థర్టీల తేడా ఆరేళ్ల చెవికి పట్టుకోవడం కష్టం. పదమూడుకూ ముప్పైకీ తెలుగులో ఆ తికమక లేదు. హిందీ సంఖ్యలు నూరు దాకా దాదాపు దేనికదే కంఠస్థం చేయాలి.

కనుక స్థానవిలువ అనే గణిత భావనకు తెలుగు ఒక సులభమైన మెట్టు. ఆ మెట్టును తీసేసి, నిచ్చెన ఎక్కలేదని పిల్లవాణ్ణి మొద్దు అంటున్నాం. కిరాణాకొట్లో తండ్రి పక్కన కూర్చుని చిల్లర తప్పు లేకుండా లెక్కగట్టే పిల్లవాడు, అదే తీసివేత బడిలో వాక్యరూపంలో ఇంగ్లీషులో వస్తే తడబడతాడు. అతనికి రానిది లెక్క కాదు. లెక్క అడిగిన వాక్యం.

ఒకటి ఒప్పుకోవాలి. సిస్టర్ల బడిలో ఎక్కాలు గట్టిగా వస్తాయి, దస్తూరి కుదురుతుంది, హోంవర్కు దిద్దుతారు. దిద్దని నోటుపుస్తకం ప్రభుత్వ బడిలో ఎన్ని చోట్ల కనబడుతుందో ఉపాధ్యాయుడిగా నాకు తెలుసు. ఆ శ్రద్ధను మనం తక్కువ చేయరాదు. శ్రద్ధ కూడా ఒక పాఠమే. తన రాతను ఒక పెద్దమనిషి రోజూ చదువుతుందన్న నమ్మకం పిల్లవాడికి గౌరవాన్నిస్తుంది.

ఎవరికి ఎవరు సహాయకులు?

పరిసరాల విజ్ఞానంలో "అవర్ హెల్పర్స్" అనే పాఠం నేను చూసిన ప్రైవేటు ప్రచురణల పుస్తకాలన్నిటా ఉంది. రైతు మనకు అన్నం పెడతాడు, కుమ్మరి కుండలు చేస్తాడు, చెప్పులు కుట్టేవాడు చెప్పులు కుడతాడు, ఊడ్చేవాడు వీధి శుభ్రం చేస్తాడు. వీరంతా మనకు సహాయకులు. ఇక్కడ "మనం" ఎవరు? వీధి ఊడ్చే తల్లి కొడుకు అదే బెంచీ మీద కూర్చుని ఈ వాక్యం చదువుతున్నాడు. అతడు "మనం"లో ఉన్నాడా, "సహాయకుల"లో ఉన్నాడా? శ్రమను సహాయంగా చెప్పడంలో కూలి అనే మాట మాయమైంది. కూలి మాయమయ్యాక దాని వెనుకనే దోపిడీ కూడా మాయమవుతుంది. ఉత్పత్తి సంబంధాలను దాచిపెట్టడానికి పెద్ద సిద్ధాంతగ్రంథం అక్కరలేదు. రెండో తరగతి బొమ్మల పుస్తకం చాలు.

"హౌసెస్" పాఠంలో కచ్చా ఇల్లు, పక్కా ఇల్లు, మంచు ఇల్లు, పడవ ఇల్లు ఉంటాయి. రేకుల కప్పు కింద ఒక్క గది అద్దెకు తీసుకున్న కార్మికుని ఇల్లు ఏ బొమ్మలోనూ ఉండదు. రుతువుల పాఠంలో ఆకులు రాలే శరత్తు, మంచు కురిసే శీతాకాలం. మృగశిర కార్తె రాలేదని తాత దిగులుపడే ఇంట్లో, వానకాలం, యాసంగి అన్న మాటలతో బతుకు నడిచే ఇంట్లో పెరిగిన పిల్లకు తన రుతువులు పుస్తకంలో దొరకవు. వాన పడకపోతే కప్పతల్లి ఆడిన ఊళ్లలో పిల్లలు వానను పొమ్మనే ఇంగ్లీషు పాటను చేతులు తిప్పుతూ పాడుతున్నారు.

డ్రాయింగు పీరియడు కూడా ఇంతే. ముక్కోణపు కొండలు రెండు, నడుమ సూర్యుడు, కిందికి ఒక నది, పక్కన కొబ్బరిచెట్టు. కిటికీలోంచి చూస్తే గుండు మీద గుండు పేర్చినట్టున్న దక్కను రాతిగుట్టలు, చెరువుకట్ట, తాటిచెట్టు. ఏ పిల్లా వాటిని వేయదు. చూసినదాన్ని వేయవచ్చునని ఎవరూ చెప్పలేదు. సాహిత్యంలో మూస వస్తువు గురించి, అనుభవశూన్యత గురించి మనం పేజీలకు పేజీలు రాస్తాం. ఆ మూస మొదట ఏడేళ్ల చేతికి క్రేయానుతోపాటు అందుతున్నదని గుర్తించం.

ఇది కేవలం కతోలిక బడుల దోషం కాదు. బడి జ్ఞానాన్ని బడి బయటి జీవితంతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం స్పష్టంగా చెప్పింది. ఆ వెలుగులో ప్రభుత్వ సంస్థలు మెరుగైన పరిసరాల పుస్తకాలు తయారు చేశాయి. కాని ప్రైవేటు బడి ప్రైవేటు ప్రచురణకర్త పుస్తకాన్నే ఎంచుకుంటుంది. కాగితం నున్నగా ఉంటుంది, ధర ఎక్కువగా ఉంటుంది, తల్లిదండ్రుల కంటికి చదువు ఘనంగా కనిపిస్తుంది. ఇది మార్కెట్టు సూత్రం. దీనికి మతం లేదు.

నీతిపాఠం

కతోలిక బడికి ప్రత్యేకమైనది నీతి బోధన. విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండా, ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న సంస్థలో మతబోధకు హాజరు కమ్మని నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అందుకే రెండు తరగతులు వేరు. కతోలిక పిల్లలు జ్ఞానోపదేశానికి పోతారు. తక్కినవారు మోరల్ సైన్సుకు. పిల్లల్ని మతం మార్చేస్తున్నారని ప్రచారం చేసేవారు ఈ విభజనను కావాలనే చూడరు. ఆ ప్రచారంతో అభ్యుదయవాదులకు ఏ సంబంధమూ ఉండరాదు. మన విమర్శ వేరు.

మోరల్ సైన్సులో నిజాయితీ, విధేయత, కృతజ్ఞత, పంచుకోవడం అనే విలువలు చెబుతారు. క్రిస్మసుకు ముందు పిల్లలు పిడికెడు బియ్యమో సబ్బుబిళ్లో తెచ్చి బుట్టలో వేస్తారు. అవి అనాథాశ్రమానికి పోతాయి. పంచుకునే గుణం మంచిదే. కాని పేదరికం ఎందుకుందన్న ప్రశ్న ఆ బుట్ట దగ్గర ఆగిపోతుంది.

ఒక్క ఉదాహరణ చూద్దాం. మత్తయి సువార్తలో ద్రాక్షతోట కూలీల ఉపమానం ఉంది. యజమాని పొద్దున పనిలోకి వచ్చినవాడికీ, సాయంత్రం చివరి గంటలో వచ్చినవాడికీ ఒకే కూలి ఇస్తాడు. పొద్దున వచ్చినవాళ్లు గొణుగుతారు. బడిలో ఈ కథకు చెప్పే నీతి: ఇతరులను చూసి అసూయపడకు. చెబుతున్నది ఎక్కడ? ద్రాక్షతోటల్లో కూలి చేసిన తాతలు, నానమ్మలు ఉన్న ఊళ్లలో. ఆ పిల్లలను "మీ నానమ్మకు రోజుకు ఎంత కూలి ఇచ్చేవాళ్లో అడిగి రండి" అంటే ఆ కథ మొత్తం మారిపోదా? సాయంత్రందాకా పని దొరకక అడ్డామీద నిలబడ్డవాడికి కూడా ఆకలి అదే కదా, అందుకే కూలి అదే, అన్న భావం ఆ కథలోనే ఉంది. శ్రమకు తగ్గ కూలి అన్న న్యాయాన్ని దాటి, అవసరానికి తగ్గ కూలి అన్న న్యాయం వైపు చూసే కథ అది. దాన్ని అసూయ పాఠంగా కుదించడం మతం చేసిన పని కాదు. మధ్యతరగతి బడి చేసిన పని.

ఇక ఒక విషయం వస్తుగతంగా చెప్పాలి. ఈ బడిలో మాల పిల్లవాడు, రెడ్డి పిల్లవాడు, కాంట్రాక్టరు కొడుకు ఒకే బెంచీమీద కూర్చుంటారు. నీళ్లు ఒకే కుళాయి దగ్గర తాగుతారు. సిస్టరు అందరినీ పేరుతోనే పిలుస్తుంది. ఊరి బడి గుమ్మం బయట దళితుణ్ణి నిలబెట్టిన కాలంలో మిషను బడులు తలుపు తెరిచాయి. ఆ చరిత్రను తుడిచేసే హక్కు మనకు లేదు. అదే సమయంలో బెంచీమీది సమానత్వం ఫీజు కౌంటరు దగ్గర ముగుస్తుందన్నదీ నిజమే. క్రైస్తవుడైన దళితుణ్ణి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీగా గుర్తించదు. మన రాష్ట్రంలో అతడు బీసీ-సి. గుడిలో క్రైస్తవుడు, ఊళ్లో దళితుడు, దరఖాస్తులో బీసీ. ఈ మూడు గుర్తింపుల నడుమ నలిగే పిల్లవాడి గురించి ఏ పాఠమూ లేదు, మన కథా సాహిత్యంలోనూ చాలా తక్కువ.

గుడిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. శతాబ్దాలపాటు కతోలిక చర్చి పూజ లాటిన్‌లో సాగింది. జనానికి అర్థం కాకపోయినా అదే పవిత్రమన్నారు. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండవ వాటికన్ మహాసభ 1963లో పూజావిధి మీద చేసిన ప్రకటనతో ప్రజల భాషకు తలుపు తెరిచింది. ఆ తర్వాత మన విచారణల్లో దివ్యబలిపూజ తెలుగులోకి వచ్చింది. తెలుగులో క్రైస్తవ కావ్యం అంతకు చాలా ముందే, 18వ శతాబ్దిలోనే, మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనంతో వచ్చింది. అర్థం కాని భాషలో దేవుణ్ణి కొలవలేమని గ్రహించిన చర్చి, అర్థం కాని భాషలో ఆరేళ్ల పిల్లవాడు లోకాన్ని తెలుసుకోగలడని ఎలా నమ్ముతున్నది? ఆదివారం గుడిలో తెలుగులో ప్రార్థించే కుటుంబం, సోమవారం అదే ఆవరణలోని బడిలో తెలుగు మాట్లాడినందుకు డైరీలో ఫిర్యాదు అందుకుంటున్నది.

ఈ సంప్రదాయంలోనే దీనికి జవాబు ఉంది. ఇటలీలో లోరెంజో మిలాని అనే కతోలిక గురువును 1954లో బార్బియానా అనే కొండ ఊరికి పంపారు. అక్కడ ఆయన రైతుబిడ్డలకు బడి పెట్టాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు, పత్రికలు చదివి చర్చించేవారు. 1967లో ఆ బడి పిల్లలు ఎనిమిది మంది కలిసి ఒక టీచరమ్మకు లేఖ రూపంలో పుస్తకం రాశారు. పేదవాణ్ణి బడి ఫెయిలు చేస్తున్నది అతనికి తెలివి లేక కాదు, బడి భాష అతని భాష కాకపోవడం వల్ల అని అందులో లెక్కలతో నిరూపించారు. పుస్తకం వచ్చిన కొద్ది రోజులకే, 44 ఏళ్ల వయసులో మిలాని చనిపోయాడు. బ్రెజిల్‌లో పావ్లో ఫ్రెయిరీ 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకు వాళ్ల బతుకు మాటలతోనే అక్షరాలు నేర్పించాడు. పిల్లవాడి బుర్రను ఖాతాగా భావించి టీచరు జమ వేసే చదువును ఆయన "బ్యాంకు పద్ధతి" అని విమర్శించాడు. ఆయన మూలాలూ కతోలిక సమాజంలోనివే. మన గిడుగు రామమూర్తి ఇంకా ముందే, పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చి, సవర పిల్లలకు వాచకాలు రాసి బడులు పెట్టాడు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు మొదట కొండకోనల్లోని పసిపిల్లల మాట విన్నవాడన్న సంగతి మనం తరచు మరిచిపోతాం.

మన బాధ్యత

ఇదంతా విని, మాతృభాషా బోధన ఒక్కటే పరిష్కారమని తీర్మానం చేసి చేతులు దులుపుకోవడం సులభం. కాని తల్లిదండ్రులు మూర్ఖులు కారు. జీనోమ్ వ్యాలీలో ల్యాబులో పనిచేసేవాడికీ, అదే గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబడేవాడికీ మధ్య తేడా ఇంగ్లీషే అని వాళ్లు రోజూ చూస్తున్నారు. అందుకే 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడులు కూడా ఇంగ్లీషు మాధ్యమంలోకి వెళ్లాయి. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం, వీలున్నచోట ఐదో తరగతి వరకైనా ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పినా, ఆ "వీలు" ఉపాధి మార్కెట్టులో కుదరడం లేదు. పేదవాడికి ఇంగ్లీషు వద్దని చెప్పే నైతిక హక్కు, తన పిల్లను కాన్వెంటుకు పంపిన నాకు లేదు.

అయితే ఇంగ్లీషు రావడానికి తెలుగు పోనక్కరలేదు. ముందు ఇంటిమాటలో ఆలోచన నిలదొక్కుకుంటే రెండో భాష దానిమీద నిలబడుతుంది. ఈ పని బడిలో టీచరు చేయాలంటే ఆమె చేతికి పుస్తకాలు కావాలి. ఇక్కడే ప్రశ్న మన వైపు తిరుగుతుంది. రెండో తరగతి పిల్ల సొంతంగా చదువుకోగల తెలుగు కథ, వెల్డరు నాన్న, ప్యాకింగు అమ్మ, రేకుల గది, చెరువుకట్ట ఉన్న కథ మనలో ఎంతమంది రాశాం? చందమామను దశాబ్దాలపాటు నిలబెట్టిన కొడవటిగంటి కుటుంబరావు, "బిడ్డల శిక్షణ" రాసిన చలం పిల్లల చదువును చిన్నపనిగా భావించలేదు. వారి వారసులమని చెప్పుకునే మనం పిల్లల సాహిత్యాన్ని రిటైరైనవారికి, నీతికథల సంకలనకర్తలకు వదిలేశాం. ఇది మన ఆత్మవిమర్శకు ఒక అంశం కావాలి.

ఇందుకు ఎవరి అనుమతి అక్కరలేదు. ప్రతి రచయితా తన ఊరి ప్రాథమిక పాఠశాలకు, అది ప్రభుత్వానిదైనా సిస్టర్లదైనా, నెలకొక్కసారి వెళ్లవచ్చు. వెళ్లినచోట నాకు అడ్డు చెప్పినవారు లేరు. కిందటేడు ఒక సిస్టరు తన నాలుగో తరగతిలో నాకొక పీరియడు ఇచ్చింది. మీ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారో మీ ఇంట్లో మాట్లాడినట్టే రాయండి అన్నాను. మొదట ఎవరూ పెన్సిలు ఎత్తలేదు. తప్పులుంటే కొట్టరా అని ఒక పిల్ల అడిగింది. కొట్టరన్నాను. ఆ పిల్ల రాసిన దాంట్లో అక్షరదోషాలు చాలా ఉన్నాయి. వాళ్ల నాయన రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పొద్దున పడుకుంటాడని, ఆయన నిద్రపోయేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడొద్దని, అందుకే తాను బయట మెట్లమీద కూర్చుని హోంవర్కు చేస్తానని అందులో ఉంది. వెనక బెంచీలో కూర్చున్న సిస్టరు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. వచ్చే నెల కూడా రమ్మంది.